నూలు పున్నమి తువ్వాల

మెట్‌పల్లి,
ఆగస్టు 2021

తమ్ముడు సోమలింగానికి అక్క కనకవ్వ రాసేది.

నువ్వు, రాజమ్మ, నా మేనకోడలు సింధూజ చల్లగా ఉండాలి. నా సంగతి నువ్వు అడగకముందే చెబుతున్నాను. తింటున్నాను, నేస్తున్నాను, వాడకట్టులో వాళ్లతో తగవు కూడా పెట్టుకుంటున్నాను. కాబట్టి బాగున్నట్టే.

నూలు పున్నమి వస్తోంది. అందరి ఇళ్లలో ఆ రోజు తమ్ముళ్లకు రాఖీ పోతుంది. మన ఇంట్లో అక్క నేసిన తువ్వాల పోతుంది. అది అమ్మ పెట్టిన అలవాటు. పోయిన ఏడు బస్సులు లేక నీ తువ్వాల దసరా దాకా నా పెట్టెలోనే పడుంది. ఈసారి గంగారాం చేతికిచ్చాను. సూరత్ బస్సు మీద సామాన్లు ఎక్కించేది వాడే కదా, భేస్తాన్‌లో మీ ఇంటి దాకా తెచ్చి ఇస్తానన్నాడు. తెల్లటి నేల మీద ఎర్ర గళ్లు. నీకిష్టమని గళ్లు చిన్నవిగా పెట్టాను.

విప్పి చూసి ఎట్లా ఉందో రాయి. చిన్నప్పుడు చూసినట్టే చూడు. బాపు మగ్గం మీంచి బట్ట దించగానే సంతకు తీసుకుపోయేవాడు కాదు. ఆయనో కొస, నేనో కొస పట్టుకునేవాళ్లం. "సోమూ, జర నీ కన్ను పెట్టు బిడ్డా" అనేవాడు. నువ్వు కుడి కన్ను మూసి ఎడమ కన్నుతో గీత వెంట చూసేవాడివి. ఒక్క పోగు జరిగినా దొరికిపోయేది. నువ్వు బాగుందంటేనే నాకు ఇప్పటికీ తృప్తి.

ఫోన్ చేయకు. పక్కింటి విజయశ్రీ ఫోన్ తెచ్చి నా చెవి దగ్గర పెట్టి అరుస్తుంది. మన ఇంటి ముచ్చట్లు వాడకంతా వినిపిస్తాయి, నాకు తప్ప. మీ సూరత్‌లో కరెంటు మగ్గాల, ఆ సాంచాల మోత మధ్య పదిహేనేళ్లు కండెలు చుట్టి, వినికిడి అక్కడే వదిలేసి వచ్చినదాన్ని. నాకు కాగితమే సుఖం.

ఎండాకాలంలో ఆ కరోనా జబ్బు చేసి ఆసుపత్రిలో పడ్డావు. ఆయాసం పోయిందా? మాత్రలు ఇంకా వేసుకుంటున్నావా? దాచకుండా రాయి.

నీ అక్క
కనకవ్వ

*

భేస్తాన్, సూరత్
సెప్టెంబర్ 2021

అక్కా, దండం.

తువ్వాల అందింది. గంగారాం ముక్కు మీద మాస్కు, నెత్తి మీద మన మూట పెట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. రాజమ్మ మూట విప్పి ముందు తువ్వాల వాసన చూసింది. "గీ గంజి వాసనకు మనూరు యాదికొస్తది" అంది. సింధూజ దాన్ని లాక్కుని మెడకు చుట్టుకుంది. మా ఇంట్లో నీ తువ్వాలకు ఏటా ఇదే పెళ్లి.

నేను బాగున్నాను. ఆయాసం పోయింది. మాత్రలు ఎప్పుడో అయిపోయాయి. పనికి పోతున్నాను. కార్ఖానాలో దిగిన తాకాలన్నీ, అదే, బట్ట చుట్టలన్నీ, ముందు నా బల్ల మీదికే రావాలి. నేను సుద్దముక్కతో గుర్తు పెడితే తప్పు, పెట్టకపోతే పాస్. లాక్‌డౌన్‌లో ఊరికే నిలబడి సాంచాలన్నీ చెడిపోయాయో ఏమో, ఈ మధ్య ఏ తాకా చూసినా అంచు గీత వంకరగా వస్తోంది. సేఠ్ నవ్వుతున్నాడు, బీమారీ తర్వాత నీ కన్ను ఇంకా తేజ్ అయింది సోమలింగం అని.

ఇక నీ తువ్వాల. బాపు ముందు అబద్ధం చెప్పలేదు, నీ ముందూ చెప్పను. అంచులు బాగున్నాయి. నడుమ మాత్రం గళ్లు తప్పాయి అక్కా. పూరీ పొంగినట్టు గీతలు అటూ ఇటూ ఒరిగాయి. నమ్మలేక గోడకు మేకు కొట్టి వేలాడదీసి చూశాను. అయినా అంతే. నీ చేతి నుంచి ఇట్లాంటిది రావడం ఇదే మొదలు. నేసేటప్పుడు ఎవరితో తగవు పెట్టుకున్నావో చెప్పు, వాళ్ల సంగతి నేను చూస్తాను.

ఇంకోటి. పెన్నులో రీఫిల్ మార్చు. ఈసారి నీ అక్షరాలు మసకగా పడ్డాయి. సగం ఉత్తరం సింధూజతో చదివించుకున్నాను.

నీ తమ్ముడు
సోమలింగం

*

మెట్‌పల్లి,
సెప్టెంబర్ 2021

తమ్ముడు సోమలింగానికి,

రీఫిల్ కొత్తదే.

నీ ఉత్తరం చదివాక అన్నం సయించలేదు. కోపం కాదు. కోపమైతే నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని. అదే పడుగు మీద నేసిన తువ్వాలలు, నేత సంఘానికి ఇవ్వాల్సినవి, ఇంట్లో ఉన్నాయి. అన్నీ మంచం మీద పరిచాను. అరచేత్తో తడిమాను. నాకు తిన్నగానే కనిపించాయి. విజయశ్రీని పిలిచాను. "పెద్దమ్మా, గీత గీసినట్టున్నయి" అంది. సంఘంలో నూలు ఇచ్చి బట్ట తీసుకునే లక్ష్మీరాజం కూడా బాగున్నాయనే అన్నాడు. కానీ ముసలిదాని మనసు నొప్పించడం ఎందుకని అన్నారేమో. నీకు ఆ మొహమాటం లేదు. అందుకే వాళ్ల మాట వదిలి నీ మాట పట్టుకున్నాను.

నా కళ్లు తప్పుతున్నా నాకు తెలియకపోవచ్చు. చెవులు పోయినప్పుడు అంతే జరిగింది. నేను బాగానే వింటున్నాననుకున్నాను. ఎదుటివాళ్లే నోట్లో నోట్లో మాట్లాడుతున్నారని వాళ్లను కసిరేదాన్ని. నీకు గుర్తుందా, మీ కార్ఖానాలో భోజనాల దగ్గర రాజమ్మ మీద ఎన్నిసార్లు విసుక్కున్నానో. తప్పు నాలో ఉందని అందరికంటే చివర నాకు తెలిసింది.

ఆ పడుగు కోసేసి కొత్తది ఎక్కించాను. పొద్దుటి వెలుతురులో మాత్రమే కూచుని ఇంకో తువ్వాల నేశాను. గంగారాం తెస్తాడు. చూసి ఉన్నది ఉన్నట్టు రాయి. ఇది కూడా తప్పిందంటే నేను మగ్గం మీద కూచోను. వంకర గుడ్డ నేసి జనం భుజాల మీద వెయ్యలేను. మగ్గం పోతే పొద్దు ఎట్లా గడుస్తుందో తెలియదు. అది తర్వాతి మాట.

కనకవ్వ

*

భేస్తాన్, సూరత్
అక్టోబర్ 2021

అక్కా, దండం.

ఈ ఉత్తరం మొదలుపెట్టి చించి, మళ్లీ మొదలుపెట్టాను. రెండో తువ్వాల కూడా అట్లాగే ఉంది. అదే చోట, అదే పొంగు. దాని నడుమ నూనె చుక్క లాంటి మరక కూడా ఉంది. రాజమ్మ మరక లేనే లేదంటుంది. ఆమెకు మరకలు ఎప్పుడు కనిపించాయి, నా చొక్కాలు చూస్తే తెలుస్తుంది.

నీకు అరవై దాటాయి. బాపు ఇద్దరు మనుషుల పని చేసి పోయాడు, నువ్వు ముగ్గురిది చేశావు. ఇక మగ్గం దించెయ్ అక్కా. జగిత్యాల పోయి ముందు కళ్లు చూపించుకో. మసకను ఊరికే వదలకూడదు. మందుల షాపులో చుక్కలు కొని సరిపెట్టుకోకు. నేను అదే చేస్తున్నాననుకో, నాది వేరు. ఇక్కడ నూలు దుమ్ము. పొద్దున లేస్తే ఎడమ కంటి నడుమ మబ్బు కమ్మినట్టు ఉంటుంది, నీళ్లు కొట్టుకుంటే పోయినట్టు అనిపిస్తుంది. స్టేషన్ బయట ఫుట్‌పాత్ మీద అద్దాలు కొన్నాను. పెట్టుకుంటే మసక పెద్దగా కనిపిస్తోంది, తీస్తే చిన్నగా కనిపిస్తోంది. నవ్వు వస్తే నవ్వుకో.

నీకు రాస్తే ఇంట్లో తెలియదు కాబట్టి రాస్తున్నాను. ఆసుపత్రి వాళ్లిచ్చిన మాత్రలు అయిపోయిన మాట నిజమే. ఆ పాత చీటీ చూపించి మళ్లీ మళ్లీ తెచ్చుకుని వానాకాలం దాకా వేసుకున్నాను. అవి వేసుకుంటే ఒంట్లో సత్తువ ఉండేది, ఆకలి వేసేది. లేకపోతే బల్ల దగ్గర నిలబడలేకపోయేవాణ్ని. ఆసుపత్రిలో షుగర్ కనిపించింది, మళ్లీ వచ్చి చూపించుకోమన్నారు. పోలేదు. ఇప్పుడు దాహం ఒకటే, ఎన్ని నీళ్లు తాగినా తీరదు. ఇక్కడి ఉక్కపోత నీకు తెలిసిందే.

పరుశురాం అని మన జగిత్యాల దిక్కు పిల్లవాడు, మా కార్ఖానాలో సాంచాలు నడిపేవాడు. వాడి తాకాలన్నింటికీ సుద్ద గుర్తు పెట్టాల్సి వచ్చింది. "కాకా, సాంచె మంచిగనే నడుస్తున్నది, నువ్వే మల్లొక్కసారి సూడు" అన్నాడు. మళ్లీ చూశాను, మళ్లీ గుర్తు పెట్టాను. సేఠ్ వాణ్ని అందరి ముందు తిట్టాడు. వాడు కడోదరాలో వేరే కార్ఖానాకు పోయాడు. పోయేటప్పుడు నా మొహం చూడలేదు. తప్పును తప్పంటే మనుషులు దూరమైపోతున్నారు. నువ్వు కాకు.

సోమలింగం

*

మెట్‌పల్లి,
బతుకమ్మ రోజులు, అక్టోబర్ 2021

సింధూజా,

ఇది మీ బాపుకు రాసే ఉత్తరం. పోస్టులో వేస్తే వారం పడుతుంది. విజయశ్రీ దీన్ని ఫోటో తీసి నీ ఫోన్‌కు పంపుతోంది. ఆయన్ను పక్కన కూచోబెట్టుకుని గట్టిగా చదువు. మధ్యలో లేచిపోతే చెయ్యి పట్టి కూచోబెట్టు.

తమ్మీ, నీ మాట విన్నాను. లక్ష్మీరాజాన్ని పిలిచి నూలు వెనక్కి తీసుకుపొమ్మన్నాను. మగ్గం కూడా ఎవరికైనా ఇప్పించమన్నాను. నిన్న విజయశ్రీని తోడు తీసుకుని జగిత్యాల పోయి కళ్లు చూపించుకున్నాను. డాక్టరు చిన్న వయసు అమ్మాయి. చుక్కలు వేసి కూచోబెట్టి లైటు పెట్టి చాలాసేపు చూసింది. ఆమె చెప్పింది విజయశ్రీ నా చెవిలో అరిచింది. శుక్లం ఇప్పుడే మొదలైందట, తొందర లేదట. దగ్గరి చూపుకు అద్దాలు రాసింది. "ఇంకా శాన ఏండ్లు నేస్తవు అవ్వా" అంది.

మరి నా గుడ్డ ఎందుకు వంకర పోతోంది అని, నీకు పంపిన దాని జోడు తువ్వాల సంచిలోంచి తీసి బల్ల మీద పరిచాను. ఆమె అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. సొరుగులోంచి చిన్న చిన్న గళ్లు గీసిన కాగితం ఒకటి తీసి నా తువ్వాల పక్కన పెట్టింది.

"గిది సక్కగున్నది. వంకరని ఎవరన్నరు?"

"మా తమ్ముడు."

"నడుమల వంకరన్నడా? నడుమల మరక గిట్ల ఉన్నదన్నడా?"

అవునన్నాను. ఆ అమ్మాయి మొహంలో నవ్వు పోయింది. షుగర్ ఉందా అని అడిగింది. నీ ఉత్తరంలో ఉన్నదంతా చెప్పాను. మాత్రలు, దాహం, మబ్బు, ఫుట్‌పాత్ అద్దాలు అన్నీ. ఇంట్లో తెలియకూడదన్నావు. తెలియనీ. తిట్టుకుంటే తిట్టుకో.

ఆమె చెప్పింది ఇది. మసక రావడానికి చాలా కారణాలు ఉంటాయి. అద్దాల నంబరు మారినా వస్తుంది, శుక్లానికీ వస్తుంది. అవి మెల్లగా వచ్చేవి, ఒక రోజు చూసుకుని పోవచ్చు. కానీ తిన్నని గీత వంగి కనిపించినా, చూపు నడుమ మరక నిలిచినా అది కంటి వెనక పొరకు వచ్చిన జబ్బు. షుగర్ పెరిగితే అక్కడి సన్నటి నరాల్లోంచి నీరు ఊరి పొర ఉబ్బుతుందట. నువ్వు వేసుకున్న మాత్రలు స్టెరాయిడ్లే అయి ఉంటాయట, అవి షుగర్‌ను ఇంకా పెంచుతాయట. చుక్కలకు, అద్దాలకు అది లొంగదు. పొరను చూసే డాక్టరు దగ్గరికి ఈ వారంలోనే పోవాలంది. ఆలస్యమైతే పోయిన చూపు తిరిగి రాదంది.

ఇంకా చెప్పింది. ఉన్నట్టుండి ఒక కన్ను చూపు పడిపోయినా, కళ్ల ముందు మెరుపులు మెరిసినా, నల్ల చుక్కలు గుంపుగా ఆడినా, పక్క నుంచి తెర దిగినట్టు అయినా వారం కూడా ఆగొద్దట, ఆ పూటే పోవాలట. కన్ను ఎర్రబడి తలనొప్పి, వాంతులు పుట్టినా అంతే. ఆ కరోనా తర్వాత షుగర్ ఉన్నవాళ్లకు ముక్కులోంచి నల్లగా కారినా, మొహం ఒక పక్క వాచి మొద్దుబారినా అసలు ఆగొద్దని రెండుసార్లు చెప్పింది. అట్లాంటివి నీకు ఉన్నాయా లేవా, సింధూజ అడిగి రాయాలి.

నువ్వు చిన్నప్పటి నుంచి గీత చూడాలంటే కుడి కన్ను మూస్తావు. పని చేసేది ఎడమదే. అది చెడినా నడిచేటప్పుడు, తినేటప్పుడు రెండు కళ్లూ కలిసి దాన్ని కప్పేస్తాయి. అందుకే నీకు తెలియలేదు. తువ్వాల గోడ మీద ఉంది కదా. సింధూజా, మీ బాపు ఎడమ కన్ను నీ చేత్తో మూసి, కుడి కన్నుతో చూడమను. ఏమన్నాడో రాయి.

సూరత్ నా చెవులు తీసుకుంది. నీ కన్ను దానికి ఇవ్వను.

కనకవ్వ

*

భేస్తాన్, సూరత్
దసరా మర్నాడు, 2021

అత్తమ్మకు నమస్తే.

నా తెలుగు అక్షరాలు చూసి నవ్వకు, స్కూల్ వదిలాక రాయడం ఇదే. దీన్ని కూడా ఫోటో తీసి పంపుతున్నాను, కాగితం తర్వాత పోస్టులో వస్తుంది.

నీ ఉత్తరం చదువుతుంటే బాపుకు గుస్సా వచ్చింది. "అక్కకు ఏం తెలుసు, ఊకో" అన్నాడు. నేను ఊరుకోలేదు. కిటికీ తీసి వెలుతురులో నిలబెట్టి ఎడమ కన్ను నా చేత్తో మూశాను. తువ్వాల వైపు చూశాడు. చెయ్యి తియ్యమన్నాడు, కుడి కన్ను మూయమన్నాడు, మళ్లీ ఎడమది మూయమన్నాడు. నాలుగైదు సార్లు అట్లాగే చేయించాడు. చివరికి మంచం మీద కూచున్నాడు.

"తువ్వాల మంచిగనే ఉన్నదే" అన్నాడు మెల్లగా. అమ్మ ఏడుస్తోంది. ఆయన అమ్మ వైపు చూడలేదు. "అక్కను మగ్గం దించుమంటి" అన్నాడు. అదే మాట మళ్లీ మళ్లీ అన్నాడు. అత్తమ్మా, మగ్గం ఇచ్చేశావా? ఇవ్వలేదని రాయి. ఆయనకు కంటి బెంగ కంటే అదే పట్టుకుంది.

మర్నాడే పెద్ద కంటి ఆసుపత్రికి తీసుకుపోయాను. నువ్వు చెప్పిన ఆ నల్లటిది, వాపు, మెరుపులు ఏవీ లేవు. షుగర్ చూసిన నర్సు రెండోసారి సూది గుచ్చి చూసింది, మిషన్ తప్పేమోనని. అంత ఉంది. స్కాన్ తీశారు. డాక్టర్ ఫోటో చూపించి "పర్దే మే సూజన్ హై" అన్నాడు. పొర ఉబ్బింది, నీ డాక్టరమ్మ చెప్పినట్టే. కుడి కంట్లో కూడా మొదలైంది కానీ నడుమకు రాలేదు. అందుకే అది మిగిలింది. ఎడమ కంట్లో ఇంజక్షన్ వేశారు. నెలనెలా వెయ్యాలి. మునుపే వచ్చి ఉంటే బాగుండేది, ఎంత తిరిగి వస్తుందో ఇప్పుడే చెప్పలేను అన్నాడు. షుగర్ డాక్టర్ వేరే, మందులు వేరే. ఆ పాత చీటీ నేను చించేశాను.

బాపు మాత్రలు కొనుక్కుంటున్నది అమ్మకు, నాకు తెలియదు. ఒకే గదిలో ఉండి తెలియదు. నాకు చాలా బాధగా ఉంది అత్తమ్మా.

నీ
సింధూజ

*

మెట్‌పల్లి,
అక్టోబర్ 2021

తమ్ముడు సోమలింగానికి,

మగ్గం ఎక్కడికీ పోలేదు. మోసుకుపోవడానికి మనుషులు దొరకక లక్ష్మీరాజం ఆగాడు, మంచిదైంది. నూలు మాత్రం తీసుకుపోయాడు. మళ్లీ తెమ్మంటే మొహం ముడుచుకుని తెచ్చాడు. "ఇంకోసారి గిట్ల ఆగం జెయ్యకు అవ్వా" అన్నాడు. చెయ్యనన్నాను. కొత్త అద్దాలు పెట్టుకుని నేస్తున్నాను. విజయశ్రీ నన్ను టీచరమ్మ అని పిలుస్తోంది.

నువ్వు నన్ను మగ్గం దించమన్నావని బాధపడకు. నీ మాట మీద నేను డాక్టరు దగ్గరికి పోయాను. నువ్వు అనకపోతే పోయేదాన్నే కాదు, నీ సంగతి ఎవరికీ తెలిసేదే కాదు. ఇక ఆ లెక్క అక్కడికి వదిలెయ్.

సూది అంటే నీకు చిన్నప్పటి నుంచి భయం. ఇప్పుడు కంట్లోనే సూది. పోయేటప్పుడు రాజమ్మ చెయ్యి పట్టుకో. సిగ్గు పడకు.

సింధూజ మీద కోపం చేస్తే నీకు తువ్వాల పంపను.

కనకవ్వ

*

భేస్తాన్, సూరత్
డిసెంబర్ 2021

అక్కా, దండం.

నేనే రాస్తున్నాను, కుడి కన్నుతో. వంకరగా ఉంటే నాదే తప్పు.

ఇంజక్షన్లు నడుస్తున్నాయి. నొప్పి లేదు, చుక్కలు వేసి మొద్దుబార్చి వేస్తారు. భయమే నొప్పి. మొదటిసారి రాజమ్మ చెయ్యి అడిగాను. రెండోసారి ఆమే ముందుగా ఇచ్చింది. అన్నం తగ్గించాను, చాయ్‌లో చక్కెర మానేశాను. రాజమ్మ జొన్నరొట్టె చేస్తోంది. సూరత్ వచ్చి ఇన్నేళ్లకు మళ్లీ మన తిండికి వచ్చాను.

డాక్టరు నీ జగిత్యాల అమ్మాయి దగ్గరున్న దానిలాంటి గళ్ల కాగితం ఇచ్చాడు. రోజూ పొద్దున ఒక కన్ను మూసి చూడాలి, వంకర పెరిగితే వెంటనే రావాలి. కాగితం పెట్టెలో పెట్టి నీ తువ్వాలే చూస్తున్నాను. గళ్లు అవే కదా.

పోయిన ఆదివారం కడోదరా పోయి పరుశురాంను కలిశాను. ఏం చెప్పాలో తెలియక కంటి స్కాన్ కాగితం చేతికిచ్చాను. తిరగేసి చూసి, "గిదేంది కాకా, నాకేం సమజైతది" అన్నాడు. అప్పుడు నోటితోనే చెప్పాను. సాంచె మంచిదే, నా కన్నే తప్పింది అని. వాడు కాగితం మడిచి నా జేబులో పెట్టాడు. చివరికి బండి తీసి నన్ను భేస్తాన్ బస్సు దగ్గర దింపాడు. కార్ఖానాకు మాత్రం తిరిగి రానన్నాడు. సేఠ్‌కు కూడా నిజం చెప్పాను. చెకింగ్ బల్ల వేరేవాళ్లకు ఇచ్చి నన్ను మడతల పనిలో పెట్టాడు. పని పోలేదు, అదే చాలు.

నీ తువ్వాలలు రెండూ చాలా తిన్నగా ఉన్నాయి. నీ నేతకు వంక పెట్టేంత మొనగాణ్ని కాదు.

సోమలింగం

*

మెట్‌పల్లి,
ఫిబ్రవరి 2022

తమ్ముడు సోమలింగానికి,

ఈ మధ్య నీ ఉత్తరాలు చదివితే ఒళ్లు మండుతోంది. సంక్రాంతి తర్వాత పంపిన దుప్పటి బాగుందన్నావు. రాజమ్మకు పంపిన రవికె గుడ్డ బాగుందన్నావు. నిమ్మకాయ పచ్చడి అమృతంలా ఉందన్నావు. దాంట్లో ఉప్పు రెండుసార్లు పడింది. గంగారాం ఒక ముక్క తిని దారి పొడుగునా నీళ్లు తాగాడట, వాడే చెప్పాడు.

నాకు భజన చేసేవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. కన్ను ఎంతవరకు వచ్చిందో అడిగితే "బాగానే ఉంది" అంటావు. బాగానే అంటే ఎంత? అక్షరాలు కనిపిస్తున్నాయా? నడుమ మరక పోయిందా? ఆసుపత్రికి పోతున్నావా, మానేసి బాగుందంటున్నావా? నువ్వు అన్నింటినీ బాగుందంటే నేను దేన్ని నమ్మాలి?

కనకవ్వ

*

భేస్తాన్, సూరత్
మార్చి 2022

అక్కా, దండం.

పచ్చడిలో ఉప్పు ఎక్కువే. చెప్పలేకపోయాను.

ఆసుపత్రికి పోతున్నాను, సింధూజ మాననివ్వదు. మరక పలచబడింది. షుగర్ దారికొచ్చింది. ఇంతకంటే రాయమంటే నాకు చేతకాదు. ఎందుకంటే నేను చూసేది నిజమో కాదో నాకే నమ్మకం లేదు. మడతలు వేసేటప్పుడు ఒక్కోసారి బట్టలో తప్పు కనిపిస్తుంది. నోరు తెరవను. కన్నుదేమో, బట్టదేమో. ఒకసారి నా మాట మీద ఒక పిల్లవాడు ఊరి అవతలికి పోయాడు. నువ్వు మగ్గం దించబోయావు. ఇక ఈ జన్మలో ఎవరి బట్టకూ వంక పెట్టకూడదని అనుకున్నాను. నన్ను అట్లా ఉండనీ.

సోమలింగం

*

మెట్‌పల్లి,
ఆగస్టు 2022

తమ్ముడు సోమలింగానికి,

నూలు పున్నమి తువ్వాల పంపుతున్నాను. చూసి రాయి.

కనకవ్వ

*

భేస్తాన్, సూరత్
ఆగస్టు 2022

అక్కా, దండం.

తువ్వాల అందింది. బాగుందని రాసి, కవరు అంటించి, మళ్లీ చింపాను.

ఈ మాట రాయకూడదనే అనుకున్నాను. పాత తువ్వాల తీసేసి కొత్తది మేకుకు వేసి, రోజూ చూసినట్టే ముందు ఎడమ కన్నుతో చూశాను. నడుమ గీత ఒకటి ఇంకా కొద్దిగా వంగుతుంది. డాక్టరు అది ఉండిపోవచ్చన్నాడు. దాని సంగతి నాకు తెలుసు, తువ్వాల ఎటు జరిపినా అది నా చూపుతో పాటే జరుగుతుంది. కానీ కింది అంచుకు దగ్గరగా ఇంకోటి కనిపించింది. అడ్డంగా వచ్చే ఎర్రపట్టీ ఒకటి సన్నగా ఉంది. తువ్వాల జరిపి చూశాను. నాతో రాలేదు, గుడ్డతోనే పోయింది. కుడి కన్నుతో చూశాను, అక్కడే ఉంది. దగ్గరికి పోయి వేలు పెట్టి లెక్కపెట్టాను. ప్రతి ఎర్రపట్టీలో నాలుగు పోగులు పడ్డాయి. ఆ ఒక్కదాంట్లో మూడే ఉన్నాయి. ఏమీ చెప్పకుండా సింధూజను చూడమన్నాను. దానికి ముందు కనిపించలేదు. చోటు చూపిస్తే మూడే అంది.

నడుమ వంకర నాదే అక్కా. ఈ పోగు మాత్రం నీది. కోపం వస్తే రానీ. రాయకుండా ఉండలేకపోయాను.

నీ తమ్ముడు
సోమలింగం

*

మెట్‌పల్లి,
సెప్టెంబర్ 2022

తమ్మీ,

నాదే. ఆ పోగు కావాలనే వదిలాను.

నీ కన్ను ఎంతవరకు వచ్చిందో అడిగితే నువ్వు చెప్పవు, నీకే నమ్మకం లేదంటావు. నాకు ఇంకో దారి తోచలేదు. చేసి పంపాక నిద్ర పట్టలేదు. బాగుందని రాస్తావేమోనని గంగారాంతో చెప్పి సూరత్ బస్సులో నాకొక సీటు పెట్టించాను. బట్టలు మూట కట్టాను. వచ్చి నీ చెవి పట్టుకుని నేనే ఆసుపత్రికి తీసుకుపోదామనుకున్నాను.

నీ ఉత్తరం మగ్గం మీద కూచునే చదివాను. విజయశ్రీ పరుగెత్తుకొచ్చింది. నేను గట్టిగా ఏడుస్తున్నానట, నాకేం తెలుసు. భయపడకు, సంతోషానికే.

ఇప్పుడు మూట విప్పుతున్నాను. నాలుగు పోగులూ వేసిన తువ్వాల అడుగున ఉంది, గంగారాం తెస్తాడు. బాపు చూడమన్నట్టే చూసి రాయి.

నీ అక్క
కనకవ్వ